చిచెన్ ఇట్సాలో ఎర్ర పీలిక

మజ్జిగ లేని దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పమని మెరిదా ఊరి హోటల్ మేనేజర్ని రామలక్ష్మి తెలుగులో నిలదీస్తుండగా కిందటి వారం కథ ఆగింది. ఆయనకి తెలుగు రాదు. ఆ లోపం ఆయనదేనని రామలక్ష్మి అభిప్రాయం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. కోనసీమ కొబ్బరికి నల్లి పట్టింది. కంటికి ఆనని పురుగు. ముచ్చిక కింద దూరి రసం పీల్చేస్తే కాయ గజ్జి పట్టినట్టు ఎండిపోతుంది. దాని పుట్టిల్లు మెక్సికో అని చదువుకున్నవాళ్ళు తేల్చారు. పుట్టింటివాళ్ళు దాన్ని ఎలా భరిస్తున్నారో చూసి రమ్మని రైతుల సంఘం ఎనిమిదిమందిని విమానం ఎక్కించింది. వాళ్ళకి పెద్ద, అంబాజీపేట దగ్గర పదెకరాల తోట ఉన్న సంఘం ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు. చుక్క మందు వాడకుండా నల్లిని తరిమికొట్టిన ఆదర్శ రైతుగా కిందటేడు శాలువా కూడా కప్పించుకున్నాడు. వెంట భార్య రామలక్ష్మి, తమ్ముడు శివశంకర్, తమ్ముడి భార్య శిరీష. శిరీషని ప్రేమకొద్దీ తీసుకురాలేదు. జట్టు మొత్తంలో ఇంగ్లీషు మాట్లాడగలిగేది బి.ఎస్సీ. చదివిన ఆమె ఒక్కతే.

ఏడాదిన్నర కిందట శిరీష తన ఏడేళ్ళ కూతురు యామినికి తన చేత్తోనే బొండాం ఇచ్చింది. అది మందు పెట్టిన చెట్టు బొండాం. పిల్ల దక్కలేదు.

చుక్క మందు లేని తోటలో మందు పెట్టిన చెట్టెక్కడిదని అడిగేవాళ్ళు ఉంటారు. శాలువా కప్పినవాళ్ళు అడగలేదు. తోటలో వేరు కోసి, మందు నింపిన సంచీ ఆ వేరుకి కట్టేవారు. చెట్టు తాగేసేది. ఆ తరవాత నలభై అయిదు రోజులు ఆ చెట్టు కాయ ముట్టుకోకూడదు. గుర్తుకోసం మొదలుకి ఎర్ర గుడ్డ పీలిక కట్టడం, రోజులు లెక్కపెట్టి విప్పడం శిరీష పని. కాబట్టి తప్పు పీలిక విప్పేసిందన్నారు. కాదనలేదు ఆమె. కాదనడానికి ఏం గుర్తుంది? ఆ వారంలోనే గడువు తీరిన పదకొండు చెట్లకి విప్పింది. పన్నెండోదీ తన చేతులే విప్పి ఉంటాయి.

ఊరికి చేరిన తరవాతి సోమవారం అమలాపురంలో లాయరు ముందు విడాకుల కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆమె ఒప్పుకుంది. శివశంకర్‌కి రామలక్ష్మి పినతండ్రి కూతురు భవాని సిద్ధంగా ఉంది. ఈలోగా ఇంగ్లీషు అవసరం పడింది గనక శిరీషకి మెక్సికో చూసే భాగ్యం కలిగింది.

ఇక ఈ వారం.

* * *

చివరి రోజు సెలవు. ఎనిమిదిమందినీ బస్సెక్కించి చిచెన్ ఇట్సా అనే పాడుబడ్డ పట్నానికి తీసుకొచ్చారు. వెయ్యేళ్ళ కిందట మాయా జాతివాళ్ళు కట్టిన ఊరట. నడిమధ్యన రాతి పిరమిడ్. ఒక్కోవైపు తొంభై ఒక్క మెట్లు, నిచ్చెనలాగా నిలువుగా. అప్పట్లో ఇంకా ఎక్కనిచ్చేవారు. రావుగారు పన్నెండు మెట్లెక్కి, వెనక్కి తిరిగి, పైనుంచి దిగొస్తున్నట్టు మొహం పెట్టి, "ఒరేయ్ శంకరం, తియ్యరా" అన్నాడు. శివశంకర్ ఫొటో తీశాడు. అన్నయ్య ఏం చెప్తే అది చెయ్యడం శివశంకర్‌కి ముప్ఫై తొమ్మిదేళ్ళ అలవాటు. అతని వయసూ అంతే.

"ఇంత చోటు ఉట్టినే వదిలేసేరేంటండీ" అన్నాడు తాతాజీ. జట్టులో ఒకడు. అల్లవరంలో ఆయనకి కొబ్బరి కంటే రొయ్యల చెరువులు ఎక్కువ. "నాలుగు చెరువులు పడతాయండి ఇక్కడ. నీళ్ళేవన్నా ఉన్నాయేమో అడగండి శిరీషగారూ."

శిరీష అడిగింది. ఉన్నాయన్నాడు గైడు. పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్న పెద్దమనిషి. అక్కడికి దగ్గర్లోనే భూమి కుంగి ఏర్పడిన పెద్ద నుయ్యి ఉందట. వానలు లేని ఏడు వాన దేవుడికని అందులో నగలు వేసేవారట, మనుషుల్ని తోసేవారట. అడుగున పిల్లల ఎముకలు కూడా దొరికాయట.

అది తెలుగులో చెప్పాల్సినప్పుడు శిరీష ఒక్క క్షణం ఆగింది. ఆగి, చెప్పింది. ఇన్ని రోజులూ, నిన్న ఒక్కచోట తప్ప, ఒక్క మాట మింగకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పుకొచ్చింది.

"పిల్లల్నా!" అంది రామలక్ష్మి, గొడుగు కింద నుంచి. "అయ్యయ్యో. పాపం వీళ్ళకి నుయ్యి కావలసొచ్చింది. మా ఇంట్లో అయితే అదీ అక్కర్లేకపోయింది."

తాతాజీ నేల చూశాడు. శివశంకర్ కెమెరా అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"ఆవిడ ఏమంటున్నారు?" అని గైడు నవ్వుతూ అడిగాడు. పర్యాటకుల అభిప్రాయాలు వినడం అతనికి ఇష్టం.

"నుయ్యి చాలా లోతా అని అడుగుతున్నారు" అంది శిరీష.

ఈ ప్రయాణంలో ఆమె కలిపిన మొదటి అబద్ధం అది. చిన్నదే. కాని చెప్పాక నోటికి హాయిగా ఉంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. దేశం దాటిన దగ్గర్నుంచీ రావుగారి కుటుంబానికి తెలుగు ఒక గది అయిపోయింది. తలుపు వేసేసుకున్నట్టే, అందులో ఏం మాట్లాడుకున్నా బయటికి వినపడదని ధీమా. ఎదుటివాళ్ళ ముక్కుల గురించి, పొట్టల గురించి వాళ్ళ మొహాలు చూసి నవ్వుతూనే మాట్లాడుకున్నారు. నిన్న కొబ్బరి పరిశోధన కేంద్రంలోనూ అంతే. అక్కడి పెద్దావిడ, "మందు పెట్టిన చెట్టుకి మీ దగ్గర గుర్తు ఏం పెడతారు?" అని అడిగింది. "మాది సేంద్రియ సాగు, మందు మాటే ఎరగమని చెప్పమ్మా" అన్నాడు రావుగారు. అది చెప్పబోయి, ఎందుకో, "ఎర్ర గుడ్డ పీలిక" అనేసింది శిరీష, ముందు తెలుగులో, ఆనక ఇంగ్లీషులో. ఆ పెద్దావిడ మెచ్చుకుని రాసుకుంది. రాసుకుంటుంటే రావుగారి మెడ మీద చెమట పట్టడం శిరీష చూసింది. ఉక్కపోత అనుకుంది.

* * *

పిరమిడ్‌కి కాస్త దూరంలో బంతి మైదానం. రెండు వైపులా పొడుగాటి రాతిగోడలు, మధ్యలో గడ్డి నేల, ఈ చివర ఒక చిన్న గుడి, ఆ చివర ఒక చిన్న గుడి. మన హైస్కూలు గ్రౌండ్లు రెండు వరసగా పేర్చినంత పొడవు. గోడ మీద ఎక్కడో ఎత్తున రాతి ఉంగరం. రబ్బరు బంతిని చేతులు తగలకుండా తుంటితో కొట్టి అందులోంచి పంపాలట.

గోడ అడుగున బొమ్మలు చెక్కి ఉన్నాయి. మోకాలి మీద కూర్చున్న మనిషికి తల లేదు. మెడలోంచి నెత్తురు పాములై పైకి లేస్తోంది. తల ఎదుటివాడి చేతిలో ఉంది.

"ఓడిపోయినోడి తలాండీ?" అన్నాడు తాతాజీ.

శిరీష గైడుని అడిగి చెప్పింది. "ఇంకా తేలలేదటండి. ఓడినవాడిదని కొందరూ గెలిచినవాడిదని కొందరూ అంటారట."

"గెలిచినోడి తల తీసేస్తే ఇంక గెలవడానికెవడొస్తాడండీ!"

"అదేంటయ్యా తాతాజీ" అన్నాడు రావుగారు, కొత్తగా కొన్న వెడల్పాటి గడ్డి టోపీ సవరించుకుంటూ. "దేవుడి దగ్గర కుళ్ళు కాయ కొడతామా? ఇచ్చేటప్పుడు మంచిదే ఇవ్వాలి. ముద్దొచ్చేదాన్నే ఇవ్వాలి."

"ఆయ్, అది నిజవేనండి" అన్నాడు తాతాజీ. ప్రెసిడెంటు మాటకి ఆయ్ అనకుండా ఉండటం అతనికి తెలియదు.

అప్పటికి రామలక్ష్మి కాళ్ళు పీకడం మొదలైంది. ఈ చివర నీడలో ఓ రాయి ఉంది గాని దాని పక్కన శిరీష నిలబడి ఉంది. శిరీష ఉన్న నీడలో రామలక్ష్మి కూర్చోదు. పిల్ల పోయిన దగ్గర్నుంచి పెట్టుకున్న నియమం అది. వత్తులు చేసుకునేటప్పుడూ పాటిస్తుంది, విమానంలోనూ పాటించింది. మూడు వరసల అవతల సీటు మార్పించుకుంది.

"ఏవండీ, ఆ చివర గుళ్ళో కూచుందాం రండి. అక్కడ గాలి బాగుంటుంది" అని మొగుణ్ణి లాక్కుని, గొడుగు పట్టుకుని, పొడుగాటి మైదానం అంతా నడిచి ఆ చివరికి వెళ్ళింది. శిరీషకి ఎంత దూరం జరగొచ్చో అంత దూరం జరిగింది.

గైడు శిరీషని ఈ చివరి గుడి మెట్ల మీద నిలబెట్టాడు. "మీరు ఇక్కడే ఉండండి. వీళ్ళకి బొమ్మలు చూపించుకుంటూ నేను ఆ చివరికి వెళ్తాను. అక్కడి నుంచి రహస్యం చెప్పే గొంతుతో మాట్లాడతాను. ఏమవుతుందో చూద్దురుగాని" అని కన్ను గీటి, తాతాజీనీ మిగతావాళ్ళనీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. శివశంకర్ గోడ వెంట ఫొటోలు తీసుకుంటూ వెళ్ళాడు.

శిరీష ఒక్కతే మిగిలింది. ఒంటరిగా ఉండటం ఆమెకిప్పుడు అలవాటే.

"...చెప్పులు కరిచేస్తున్నాయండీ బాబూ."

శిరీష వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. గుడిలో రాతి స్తంభాలు, ఒక తొండ.

"ఇప్పమంటే ఇప్పవు. ఇప్పి కూచో."

చెవి పక్కనే. బావగారి గొంతు. శిరీష మైదానం ఆ చివరికి చూసింది. దూరంగా, అక్కడ, రెండు కందిగింజలంత మనుషులు. ఒక నల్ల గొడుగు, ఒక గడ్డి టోపీ. టోపీ ఊగినప్పుడల్లా మాట చెవిలో పడుతోంది.

నవ్వొచ్చింది ఆమెకి. చాలా కాలానికి వచ్చిన నవ్వు. గైడు చేరకముందే వాళ్ళని పిలిచి అదరగొడదామా అనుకుంది. నోరు తెరిచింది కూడా.

"సోమవారం సంతకం అయిపోతే మార్గశిరంలోనే కానిచ్చేద్దావండీ. భవాని వాళ్ళమ్మ తొందరపడుతోంది."

నోరు మూసుకుంది.

"అవుద్దిలే. అదేం గొడవ చెయ్యదు. చెప్పినట్టు వింటోంది కదా."

"వింటోందండీ. కానీ నిన్న ఆ ఆఫీసులో ఎర్ర పీలికలని ఏదో చెప్పింది చూడండి, నా గుండె జారిపోయింది. మీ మొహం చూశాను. మీరూ పాలిపోయేరు."

"గట్టిగా అనకే."

"ఇక్కడ ఎవడికి తెలుసండీ మన తెలుగు! రాళ్ళకి తెలుసా?"

గొడుగు అటూ ఇటూ తిరిగింది.

"శాలువా కమిటీవాళ్ళు తోట చూడ్డానికి వచ్చేవేళకి గడువు తీరని ఆ తొమ్మిది చెట్లకీ ఎర్రగా వేళ్ళాడుతుంటే మందులేని తోటని ఎలా చెప్పనే?" అన్నాడు రావుగారు. "విప్పుతూ కూచోడానికి టైమేదీ. కొడవలితో కోసి జేబులో పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కట్టేద్దామనే కదా. నువ్వు వాళ్ళకి రెండోసారి కాఫీలు, పకోడీలు పెట్టకపోతే పొద్దుండగానే కట్టేసుందును."

"అయితే నావల్లంటారా?"

"అనట్లేదే. చాలనిచోట పురికొస కలిపి ఎనిమిది కట్టేశాను. షెడ్డు పక్క చెట్టొక్కటే మిగిలింది. వెళ్ళేసరికి పిల్ల అక్కడే అరుగు మీద కూచుని బొండాం తాగుతోంది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్క బొండానికి ఏవవుద్దిలే అనుకున్నాను. కమిటీ జీపు ఇంకా ఊళ్ళోనే ఉంది. అప్పుడు కేకలేస్తే ఏవుంటది, శాలువా ఉంటదా?"

"డాక్టరు అడిగినప్పుడైనా చెప్పాల్సిందండీ."

"బళ్ళో జీళ్ళు తినుంటుందన్నాను. ఆ వేళకి ఏదో ఒకటి అనాలి కదా." ఒక నిట్టూర్పు. "పోనీలే. వాళ్ళమ్మ తన తప్పేనని నమ్మేసింది. మనవేవన్నా నమ్మించేవా? తప్పు పీలిక విప్పేవేమో చూసుకో అమ్మా అన్నాను. అంతే కదా అన్నాను."

"ఆ పీలిక దాని చేతికిచ్చింది నేనే కదండీ" అంది రామలక్ష్మి. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఇదిగో నువ్వు విప్పి పారేసిన పీలిక, చెట్టు కింద దొరికింది, దాచుకో అన్నాను."

శిరీష మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నట్టు ఆమెకి తెలియదు.

దాచుకుంది. ఆ పీలిక ఆమె చేతిసంచీలో ఉంది. యామిని బడి రుమాల్లో చుట్టి, ఏడాదిన్నరగా ఎక్కడికి వెళ్తే అక్కడికి తీసుకెళ్తోంది. పడుకునేముందు తీసి చూసుకుంటుంది. ఇదే, నా చేతులు చేసిన పని ఇదే అని రోజూ చూసుకుంటుంది. ఇప్పుడు తీసింది.

పాత ఎర్ర వాయిల్ చీరని చింపి తనే చేసింది ఆ పీలికల్ని. కట్టేటప్పుడు రెండు ముడులు వేసేది. గడువు తీరాక కూర్చుని, గోళ్ళతో గిల్లి, ముడి విప్పి, చుట్ట చుట్టి, మళ్ళీ వాడుకునేది. చెట్లెక్కి కాయలు దింపే ఆదినారాయణ నవ్వేవాడు. "ముడికి పావుగంటండి మీకు. కోసేస్తే పోద్ది కదండీ అమ్మగారూ." "కోస్తే పొట్టిదైపోతుంది కదా, మళ్ళీ చెట్టుకి చాలదు" అనేది. ఒక్క పీలిక ఎప్పుడూ కొయ్యలేదు. ఒక్కటి కూడా.

ఒళ్ళో ఉన్న పీలికకి రెండు ముడులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. చెట్టుని కావిలించుకున్న గుడ్డ మాత్రం ముడికి అవతల, కొడవలి పదునుకి, తిన్నగా తెగి ఉంది.

ఐదువందల సార్లు చూసింది దాన్ని. ముడి చూసింది, ఏడ్చింది, మడత పెట్టింది. విప్పినదైతే ముడి ఎందుకుంటుందని ఒక్కసారీ అనుకోలేదు. తప్పు తనదేనని అంత బాగా నేర్చుకుంది.

మైదానం మధ్యలో గైడు ఉంగరం చూపిస్తున్నాడు. తాతాజీ తుంటితో బంతి కొట్టడం అభినయించి పడబోయాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం దూరం నుంచి, దూరపు నవ్వులాగే వినపడింది.

శిరీష గొంతు సవరించుకుంది. కేక వెయ్యలేదు. వంటింట్లోంచి కాఫీ అయిందని చెప్పే గొంతుతో అంది:

"బావగారండీ."

అవతల టోపీ కదలడం ఆగిపోయింది.

"అమ్మాయ్?" అంది రావుగారి గొంతు. "ఎక్కడున్నావమ్మా?"

"ఇక్కడేనండి. ఈ చివర. చూడండి, చెయ్యి ఊపుతున్నాను." నిజంగానే ఊపింది. ఎర్ర పీలిక ఉన్న చెయ్యి. "ఇక్కడ రహస్యం చెప్తే అక్కడికి వినపడుతుందట. అక్కడ చెప్పినా ఇక్కడికి వినపడుతుందట. గైడు చెప్పబోతుంటే మీరు నీడ కోసం వెళ్ళిపోయేరు. నేను మీకు చెప్పలేకపోయాను. నా తప్పే."

గొడుగు కింద పడింది. రామలక్ష్మి లేవబోయినట్టుంది.

"కూచో అక్కా. చెప్పులు కరుస్తున్నాయి కదా."

"శిరీషా, అది కాదే... ఆయనకి ఎండ దెబ్బ తగిలి ఏదేదో..."

"నువ్వు అడ్డురాకక్కా. బావగారితో మాట్లాడుతున్నాను. బావగారండీ, ఒక్క బొండానికి ఏవవుద్దిలే అనుకున్నారు కదా. ఏమయిందో మీకు తెలియదు. మీరు ఆస్పత్రి బయట కుర్చీలో నిద్రపోయేరు. చెప్పనాండీ?"

అవతల ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి కూడా స్పష్టంగా వచ్చింది.

"ముందు కడుపు నొప్పన్నదండి. తరవాత చూపు ఆనలేదు. అమ్మా దీపం తియ్యకే అంది. దీపం వెలుగుతూనే ఉంది. నోట్లో నురగ తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పిందండి. 'పెదనాన్న చూసేడు. పెదనాన్న నవ్వేడు' అంది. సంధి మాటలనుకున్నాను. తల నిమిరి, పెదనాన్న మంచివాడమ్మా, పడుకో అన్నాను. నా పిల్లకి నేను చెప్పిన ఆఖరి మాట అదేనండి. మీ గురించే."

"అమ్మా శిరీషా..." రావుగారి గొంతు తడబడింది. సంఘం మీటింగుల్లో మైకు లేకుండా మూడు వందల మందికి వినపడే గొంతు. "కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఊరెళ్ళాక మాట్లాడుకుందాం తల్లీ. తాతాజీ వాళ్ళ ముందు వద్దు. సోమవారం సంతకం వద్దులే. భవాని మాట మానేద్దాం. శంకరంతో నేను చెప్తాను. నీ కాపరం నీకు నిలబెడతాను."

తమ్ముడి కాపరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు, ఇదిగో తీసుకో అన్నట్టు అన్నాడు.

శిరీషకి చిత్రంగా కోపం రాలేదు. అంతకంటే ముందు ఇంకొకటి వచ్చింది. సిగ్గుపడాల్సినంత ఆశ. శంకరానికి తెలియదు. ఏడాదిన్నరగా తన చేతి మంచినీళ్ళు తాగని మనిషి, పిల్ల ఫొటో ముందు తను నిలబడితే గదిలోంచి వెళ్ళిపోయే మనిషి. తనే చంపిందని నమ్మి కదా అలా అయ్యాడు. ఇప్పుడు తెలుస్తుంది. ఈ పీలిక చూపిస్తే చాలు. కాపరం నిలబడకపోయినా పరవాలేదు. పిల్ల తండ్రి ఒక్కసారి తన మొహంలోకి చూసి, నువ్వు కాదు అంటే చాలు. సోమవారం ఎన్ని సంతకాలైనా పెట్టొచ్చు.

"మీరేం చెప్పక్కర్లేదండి బావగారూ" అంది. "ఆయనకి నేను చెప్పుకుంటాను. మీరు మాత్రం అక్కడే కూచోండి. లేచి నడిచేరంటే ఇప్పుడు విన్నదంతా తాతాజీ గారికి కూడా చెప్తాను. ఆయన సంఘంలో సెక్రటరీ కదా."

టోపీ కదల్లేదు.

అంతలో గైడు ఆ చివరికి చేరుకున్నాడు. తన పక్కన ఇద్దరు మనుషులు రాతిబొమ్మల్లా ఎందుకు కూర్చున్నారో అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం అతని ఉద్యోగం కూడా కాదు. చొక్కా సర్దుకుని, గోడవైపు తిరిగి, రోజుకి నాలుగుసార్లు చేసే పని మహా ఉత్సాహంగా చేశాడు. గుసగుసగా ఇంగ్లీషులో అన్నాడు:

"మేడమ్! వినపడుతోందా?"

"వినపడుతోందండి" అంది శిరీష. "అన్నీ వినపడ్డాయి. చాలా బాగుంది."

తాతాజీ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆమె శివశంకర్‌ని పిలిచింది. పేరు పెట్టి కాదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ పిలిచినట్టే. "ఏవండీ, ఒక్కసారి ఇలా రండి." మైదానం మధ్యలో ఫొటోలు తీసుకుంటున్న అతను తల తిప్పాడు. అన్నయ్యవైపు చూశాడు. అన్నయ్య నుంచి ఏ సైగా రాలేదు. సైగ లేకుండా ఎటు నడవాలో కాసేపు తెలియనట్టు నిలబడి, చివరికి ఆమెవైపు నడిచాడు. ఎండలో అతని నీడ పొట్టిగా కాళ్ళ దగ్గరే ఉంది.

వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. "ఏంటి?"

ఏడాదిన్నరలో ఆమెతో అతను ఎక్కువసార్లు అన్న మాట అదే.

శిరీష పీలిక చాచింది. "ఇది చూడండి. అక్క నాకిచ్చింది. నేను విప్పి పారేశానన్నది. ముడి చూడండి."

అతను తీసుకున్నాడు. తెగిన అంచువైపు చూడలేదు. బొటనవేలితో తిన్నగా ముడిని తడిమాడు, అది అక్కడే ఉంటుందని ముందే తెలిసినవాడిలాగా. మొహంలో ఆశ్చర్యం వస్తుందని ఆమె చూస్తోంది. కోపం వస్తుందని, ఏడుపు వస్తుందని, ఏదో ఒకటి వస్తుందని. వచ్చింది. చిరాకు. కూలివాడు చెప్పిన పని చెప్పినట్టు చెయ్యనప్పుడు తోటలో అతని మొహంలో కనపడే చిరాకు.

"కొయ్యొద్దని చెప్పేనే అన్నయ్యకి" అన్నాడు శివశంకర్. "శిరీష ముడి విప్పుతుంది, ఎప్పుడూ కొయ్యదు, కనిపెట్టేస్తుంది, నేను విప్పి పెడతానుండు అన్నాను. వినలేదు."